వాగు అవతలి ఏడుపు

ఏడుపు వాగు అవతల్నించి వచ్చింది. ఒక్క గొంతు కాదు, లంబాడీ తండా ఆడవాళ్లంతా ఒక్కసారే రాగం ఎత్తుకున్నట్టు. అన్నిటికంటే పైన రూప్లి గొంతు.

మిర్చి కల్లంలో పరదా లాగుతున్న సాయికిరణ్ చేతులు అక్కడే ఆగిపోయాయి.

"పోయాడురా రామన్నా. మన కోటేష్ పోయాడు," అన్నాడు పక్కనే ట్రాక్టరు దగ్గరున్న స్నేహితుడితో.

రూప్లి కొడుకు కోటేష్ సైన్యంలో ఉన్నాడు. సరిహద్దు దగ్గర సంతలో ముష్కరులు జనాన్ని కాల్చి చంపిన రోజు నుంచి అతని ఫోను మూగబోయింది. ఆ దాడితో రెండు దేశాల మధ్య ఉన్న కాస్త రాకపోకా చచ్చింది. గేట్లు మూసుకున్నారు, ఒకరి మనుషుల్ని ఒకరు వెళ్లగొట్టుకున్నారు, ఆపైన ఫిరంగులు పేల్చుకున్నారు. కాల్పులు ఆగాయని ఆ వారం టీవీ చెప్పింది గానీ, సాయికిరణ్ కడుపులో మంట ఆగితే గదా! టేకులపల్లి బళ్లో ఇద్దరిదీ ఒకే బెంచీ, కబడ్డీలో ఒకే జట్టు. పొద్దున లేస్తే కోటేష్ నంబరు నొక్కడం, స్విచాఫ్ అని విని పళ్లు నూరడం. వాడు బతికొస్తే చాలు, ఈ ఏడు మిర్చి రేటు ఎట్లా పోతే పోనీ అనుకుంటూ తిరిగేవాడు.

"ఏడుపు విని ఏం తెలుస్తుందిరా? ముందు వాగు దాటి పోయి చూసి రండి," అంది నానమ్మ సుశీలమ్మ.

ఎవరూ కదల్లేదు. చూడబోతే మోకాలి లోతు నీళ్లు. అయినా తాతలు కోస్తా నుంచి వచ్చి ఈ అడవి అంచున పొలాలు కొన్ననాటి నుంచీ ఆ నీళ్లు దాటి తండాలో కాలు పెట్టిన మనిషి ఊళ్లో లేడు. కూలికి వాళ్లే ఇటు వచ్చేవాళ్లు. ఆటకి కోటేషూ ఇటే వచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే వాగులోంచి యూసుఫ్ గట్టెక్కాడు. ఏటా చలికాలం కాశ్మీరు నుంచి వచ్చి ఊరూరా శాలువాలు అమ్ముకునే మనిషి. సుశీలమ్మ కప్పుకున్నది అతని దగ్గర కొన్నదే. భుజాన మూట, మొహం నిండా నవ్వు, గుప్పిట్లో బెల్లం ముక్క. సాయికిరణ్‌ని చూడగానే దాన్ని సగం విరిచి చెయ్యి చాచాడు.

"తీస్కో భాయ్. నోరు తీపి చేస్కో."

తండా అంతా ఏడుస్తుంటే వీడికి బెల్లమా?

మొదటి దెబ్బ ఆ చేతి మీదే పడింది. రెండోది రామన్న కొట్టాడు, ట్రాక్టరు జాకీ రాడ్డుతో, మోకాలి మీద. ఎండిన టేకు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. యూసుఫ్ మిర్చి రాశిలో బోర్లా పడ్డాడు. కళ్లలో కారం, నోట్లో కారం, పగిలిన నెత్తిలో కారం. ఏదో చెప్పబోయాడు. దగ్గు తప్ప మాట రాలేదు.

మీవాళ్లు అక్కడ చంపుతారు, నువ్విక్కడ పండగ చేసుకుంటావా అంటూ సాయికిరణ్ మాటకో దెబ్బ వేశాడు. అడ్డం పడబోయిన సుశీలమ్మని ఎవరో పక్కకి నెట్టేశారు. మూట విప్పి శాలువాలకి నిప్పు పెట్టారు. ఉన్ని కాలిన కంపు కల్లమంతా కమ్ముకుంది. నెత్తురేదో మిర్చేదో తెలియకుండా పోయింది. కాసేపటికి ఆ దగ్గు కూడా ఆగిపోయింది.

వాగులో చేతులు కడుక్కున్నారు. అప్పుడు సాయికిరణ్ నీళ్లు దాటాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఈ కబురు కోటేష్ తల్లికి తానే చెప్పాలనిపించింది.

తండా పెద్ద తుల్సీరాం ఎదురొచ్చాడు. "రా బిడ్డా. గిన్నేండ్లకు మా దిక్కు వచ్చిండ్రు," అంటూ ఇత్తడి పళ్లెం ముందుకు జరిపాడు. పళ్లెం నిండా బెల్లం ముక్కలు. సాయికిరణ్ చూసీ చూడనట్టు దాటిపోయాడు.

రూప్లి ఇంటి ముందు సైన్యంవాళ్ల ఆకుపచ్చ సంచి పడుంది. సామాను పంపేశారన్నమాట అనుకున్నాడు. ఆడవాళ్ల గుంపు నడుమ రూప్లి ఎవరినో మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, ఊగుతూ ఏడుస్తోంది.

"ఊరుకో అమ్మా," అన్నాడు సాయికిరణ్. "నీ కొడుకు ఉసురు పోసుకున్నోళ్లని ఊరికే వదల్లేదు. ఒకణ్ణి చంపే వచ్చాం."

దూరం పోయిన బిడ్డ ఇల్లు చేరితే మెడ పట్టుకుని, రాగం తీసి ఏడ్చి పలకరించడం తరతరాలుగా ఆ తండా పద్ధతి. "ఎవర్ని చంపిండ్రురా సాయీ?" అంటూ రూప్లి భుజం మీంచి తలెత్తినవాడు కోటేష్.