పడదు

మా బాత్‌రూమ్ నేలలో పైపు పగిలి, నీళ్ళు కింది వాటాలో అన్నయ్య ఇంటి కప్పులోంచి కారుతున్నాయి.

కిందికెళ్ళి చూసొచ్చిన ప్లంబర్ రెండు దారులు చెప్పాడు. "మీ నేల తవ్వితే టైల్స్‌తో కలిపి తడిసి మోపెడవుతుందండీ. కింది నుంచి కప్పు కొడితే సగంలో తేలిపోతుంది."

గదిలో అటూ ఇటూ తిరిగాను. లెక్క ఎన్నిసార్లు వేసినా కిందిదే చవక. మెట్లదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. అన్నయ్య గుమ్మం తొక్కి ఏళ్ళయింది.

"మా ఇద్దరికీ పడదయ్యా. ఎంతైతే అంత, ఇక్కడే తవ్వు," అన్నాను చిరాగ్గా.

ప్లంబర్ సుత్తి తియ్యలేదు.

"కింద మీ అన్నయ్యగారు అప్పుడే సామానంతా పక్కకి జరిపేశారండీ. 'పైన తవ్వొద్దు, నా కప్పే కొట్టు. వాడికి చిన్నప్పట్నుంచీ దుమ్ము పడదు' అన్నారు."