తుక్కు ముక్కలు

శశిధర్‌కు వారం రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు.

బెళ్ళందూరు హెడ్డాఫీసు అతన్ని పీణ్యలోని వర్క్‌షాపుకు పంపింది. అక్కడ ఇనుము కోసే పాత లేత్‌లు పోయి కంప్యూటర్ మిషన్ వచ్చింది. శుక్రవారం సరుకు కొనేవాళ్ళు చూడటానికి వస్తారు. ఆలోగా పనివాళ్ళు దాన్ని నడపకపోతే ఆర్డరూ పోతుంది, అతని ఉద్యోగమూ పోతుంది.

మెదడు శాస్త్రం చదివినవాడు కదా, తెరమీద బొమ్మలు వేసి మరీ చెప్పాడు.

"మార్పును చూస్తే మెదడు పులిని చూసినట్టు బెదురుతుంది. బెదిరిన మెదడుకు చదువెక్కదు. అందుకే, భయపడకండి!"

"సరే సార్," అన్నారందరూ.

మిషన్ దగ్గరికి మాత్రం ఒక్కడూ పోలేదు. వద్దంటే పోయేదయితే అది భయమెందుకవుతుంది?

బుధవారం మధ్యాహ్నం వెళ్ళి చూస్తే మిషన్ తిరుగుతోంది! పనివాళ్ళలో ఒకడైన రమేశ్ మీటలు నొక్కుతున్నాడు. పక్కన ఎవరో ముసలాయన.

"నాకూ రాదు కదప్పా. ఇద్దరమూ కలిసి చెడగొడదాం పా," అంటున్నాడు.

కింద ఇనుప ముక్కల కుప్ప. అన్నీ వంకరగా కోసినవే.

శశిధర్‌కు ఒళ్ళు మండింది.

"ఎవరయ్యా నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

"పారేసే తుక్కే సార్. దీంట్లో తప్పు చేస్తే ఎవురూ తిట్టరని..."

"ముందు బయటికి నడు!"

ముసలాయన చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

గురువారం మిషన్ మళ్ళీ ఆగిపోయింది. రమేశ్ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

అప్పటికి గానీ శశిధర్‌కు వెలగలేదు. తాను తెరమీద చెప్పినదాన్ని ఆ ముసలాయన చేసి చూపించాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

"రమేశ్, ఆయన్ని పిలిపించు. నేను క్షమాపణ అడుగుతాను."

"రాడు సార్. ఈ పొద్దే హొసకోటెలో వాచ్‌మన్ పనికి చేరినాడంట. ఇన్ని దినాలూ దానికి పోకుండా మాకోసరం ఆగి ఉండె."

"మీకోసమా? ఎందుకు?"

"మిషను నేర్చుకోకుంటే మా ఉద్యోగాలు కూడా పోతాయని."

"ఆయన పేరేంటి?"

"మారప్ప, సార్."

ఆ మనిషిని నిన్నటిదాకా ఎన్నడూ చూడలేదు గానీ పేరు శశిధర్‌కు బాగా తెలుసు. కొత్త మిషన్ వస్తోంది, ఇక నీకు పని లేదని బెళ్ళందూరులో కూర్చుని అతను పంపిన మొదటి ఉత్తరం ఆ పేరుకే.