ఇరవై నిమిషాల వేడినీళ్ళు

2011 డిసెంబరు నాలుగో తేదీ వెంకటరామయ్యకి బాగా గుర్తు. రాత్రి మిగిలిన ఇడ్లీలు పొడిచేసి, పోపు పెట్టుకుని తింటుంటే ఎవరో తలుపు తట్టారు. భార్య సుబ్బలక్ష్మి పోయాక పొద్దున్నే ఆ తలుపు తట్టిన మొదటి మనిషి రాజేశం.

"సార్, మీ గీజర్ బంద్ చెయ్యలే. గంట సంది బాత్రూమ్‌ల ఎర్రలైటు ఎలుగుతనే ఉంది."

"నీకెలా తెలుసయ్యా?"

"ఎదురు బిల్డింగ్‌ల పైన రూమ్ నాదే. మంచం మీద పండుకున్నా సాఫ్ కనవడ్తది."

ఆ రోజు వెంకటరామయ్య నిజంగానే మర్చిపోయాడు. లోపలికి రమ్మని కాఫీ ఇచ్చాడు. రాజేశానిది జగిత్యాల దగ్గర పల్లె. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా గ్రూప్స్ పరీక్షలు వదల్లేదు. హాస్టల్లో పిల్లలు తనని 'తాత' అంటున్నారని ఈ గదిలోకి మారాడట.

మర్నాడు వెంకటరామయ్య స్నానం చేసి, స్విచ్ మీద చెయ్యి పెట్టి, ఆపకుండానే వెనక్కి తీసుకున్నాడు. అప్పట్నుంచి మర్చిపోవడం ఆయన రోజూ గుర్తుపెట్టుకుని చేసే పని.

"ఫిజిక్స్ చెప్పి రిటైరైన్రు. గింత స్విచ్ యాదికుండదా సార్?"

"వయసు, నాయనా. కూర్చో, డికాక్షన్ దిగింది."

కప్పు ఖాళీ చేసి, పేపరు తిరగేసి, రాజేశం అశోక్ నగర్ కోచింగుకి వెళ్ళిపోయేవాడు. అంతే, పావుగంట. ఆ పావుగంటతో ఆయనకి రోజంతా గడిచేది.

జనవరిలో తమ్ముడి కూతురు హారతి వచ్చి కరెంటు బిల్లు చూసింది.

"ఏంటి పెదనాన్నా ఇది! ఇంట్లో ఏమైనా హోటలు నడుపుతున్నారా?"

సాయంత్రానికల్లా చిక్కడపల్లి ఎలక్ట్రీషియన్ మాసయ్యని తీసుకొచ్చింది. అతను గీజరు మూత విప్పి నాలుక చప్పరించాడు.

"డెబ్బై ఐదు డిగ్రీల మీదున్నది పెద్దసారూ. గంత మసలబెట్టి మల్ల సల్లనీళ్ళు కలుపుడెందుకు? యాభై సాలు. ఇగ టైమర్ పెడుతున్న. ఐదున్నరకు ఆన్, ఐదు యాభైకి ఆఫ్. మీరు ముట్టుకునుడే లేదు."

"టైమరు వద్దులే మాసయ్యా. నేనే ఆపుకుంటాను."

"రోజూ మర్చిపోతారటగా, మధ్యాహ్నం వచ్చే పనమ్మాయి చెప్పింది," అంది హారతి. "ఒంటరిగా ఉంటున్నారు. ఏదైనా అయితే?"

వెంకటరామయ్య వెళ్ళి మాసయ్య ఎక్కిన స్టూలు పట్టుకున్నాడు.

మర్నాడు నీళ్ళు ఒంటికి హాయిగా సరిపోయాయి. వంక పెట్టడానికేమీ లేదు. రెండు కప్పులు కాఫీ కలిపి కూర్చున్నాడు. తలుపు చప్పుడు కాలేదు. మూడో రోజు పాలవాడి దగ్గర రాజేశం కనిపించాడు.

"మీకు మిషన్ వచ్చిందట గద సార్. ఇగ పరేషాన్ లేదు," అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఐదో రోజు సాయంత్రం కూడా పొద్దుటి రెండో కప్పు మీగడ కట్టి అలాగే ఉంది. వెంకటరామయ్య దాన్ని సింకులో పారబోసి, చెప్పులేసుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని, అంతస్తుకొకసారి ఆగుతూ, మొదటిసారి ఎదురు మేడ ఎక్కాడు.

రాజేశం కంగారుగా తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు. "గిన్ని మెట్లెక్కిన్రా సార్! పిలిస్తే నేనే వస్తుంటి గద!"

"ఆ టైమరు పాడైంది రాజేశం. లైటు ఆరట్లేదు." అరవై ఎనిమిదేళ్ళ వయసులో అబద్ధం చెబుతుంటే చెవులు వేడెక్కాయి. "నువ్వు కాస్త కనిపెట్టి ఉండాలి."

రాజేశం మొహం విప్పారింది. "ఫికర్ చెయ్యకున్రి సార్. ఈడికెల్లి నా కన్ను దాని మీదనే ఉంటది. పొద్దుగాల వస్త. కాఫీల జర చక్కెర తక్కువెయ్యిన్రి."

ఆయన నాలుగు మెట్లు దిగేదాకా చూసి, చప్పుడు కాకుండా తలుపేసుకున్నాడు. వెంకటరామయ్య అక్కడే గోడ పట్టుకుని ఆగిపోయాడు. ఇందాక అతని భుజం మీదుగా మంచం, పుస్తకాలు, నాలుగు గోడలూ కనిపించాయి.

ఆ గదికి కిటికీ లేదు.