విజిల్‌కు ముందు

కొత్త హెడ్ కోచ్ విజిల్ ఊదింది. ఈతకొలను గట్టున వంగి నిలబడ్డ ఎనిమిది మంది కాలేజీ అమ్మాయిల్లో ఒక్కరూ కదల్లేదు.

"మొదటి రోజే నా మాట వినరన్నమాట," అంది నీరసంగా.

గ్యాలరీలో కూర్చున్న పాత కోచ్ దగ్గాడు. ఎనిమిది మందీ దభీమని దూకారు.

"సారు దగ్గాకే విజిల్ ఊదేవారు మేడమ్. మాకు దగ్గే అలవాటైపోయింది," అంది ముందు తేలిన అమ్మాయి.

"అందుకేనా, పోటీల్లో ఎవరు దగ్గినా ముందే దూకి ఔటయ్యేది? నేనూ సారు శిష్యురాలినే. నాకు లేదే ఈ జబ్బు."

అందరూ గట్టెక్కారు. ఎలా దూకాలో చూపిస్తానని ఆమె కూడా వాళ్ళ పక్కన వంగింది.

పాత కోచ్ నవ్వాపుకోబోయి దగ్గాడు.

ఒక జత బూట్లతో సహా తొమ్మిది మంది దూకారు.

"మేడమ్ కూడా మన బాపతేనే," అంది నీళ్ళలోంచి ఓ గొంతు.