బ్లాక్ చేసిన నంబరు

"దొరికింది! ఒరివెల్లా కంపెనీ బ్యాగు, సగం రేటుకే!"

డాబా మీద లిఖిత ఆనందం పట్టలేక గిర్రున ఒక చుట్టు తిరిగింది.

పర్ణశాలలో వాళ్లింటికి సిగ్నల్ సరిగ్గా అందేది ఆ డాబా మీదే. గుడి దగ్గర బొమ్మల దుకాణానికి బయలుదేరుతున్న భర్త రాంబాబు కింద నుంచి తలెత్తి చూశాడు.

"డూప్లికేటేమో, మంచిగ చూసినవా?"

"నాకే చెప్తున్నవా? జిప్పు చూసిన, కుట్లు చూసిన, లోపలి లేబుల్ గూడ పెద్దగ చేసి చూసిన. పక్కా ఒరిజినల్!"

చూసిందంతా ఫొటోల్లోనే. అయినా అసలు బ్యాగుకూ నకిలీకీ తేడా చెప్పే వీడియోలు చూసీ చూసీ, ఆ విద్యలో తనను కొట్టేవాళ్లు లేరని ఆమె నమ్మకం.

ఆదివారం ఖమ్మంలో మరిది నిశ్చితార్థం. ఆడబిడ్డ ప్రసూన వస్తుంది. పోయినసారి చుట్టాల పెళ్లిలో లిఖిత బ్యాగును రెండు వేళ్లతో ఎత్తిపట్టి, "ఏంది వదినా, సంతల కొన్నవా?" అని నలుగురిలో నవ్వించిన మనిషి ఆమె. ఆ నవ్వులు లిఖిత చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి.

ఈసారి ప్రసూన నోరు మూతపడాలి!

పేరు, ఫోన్ నంబరు, అడ్రసు ఆ ఆన్‌లైన్ షాపుకు పంపేసింది. ఇక డబ్బు కట్టడమే తరువాయి. అంతలో ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"బిడ్డా, ఆ బ్యాగు కొనకు."

ఎవరో పెద్దామె. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"ఎవరమ్మా మీరు?"

"ఎవరైతే ఏంది? ఫొటోల ఉన్నది అసలుది, డబ్బల పెట్టేది నకిలీది. బ్యాగు పక్కన కాయితం మీద నీ పేరు రాసి ఫొటో పంపమను. పంపరు."

"నేను కొంటున్నట్టు మీకెట్ల తెలుసు? నా నంబరు ఎవరిచ్చిండ్రు?"

"అదంత చెప్పే టైము లేదు బిడ్డా."

"ఇప్పుడు ఓటీపీ అడుగుతరు, అంతేనా?"

"అదేందో నాకు తెల్వదు బిడ్డా. గట్టిగ మాట్లాడలేను, జర నా మాట ఇను..."

లిఖిత ఫోన్ పెట్టేసింది. దొంగను పట్టుకున్నంత హుషారొచ్చింది ఆమెకు.

"సైబర్ దొంగలు! నా దగ్గరనా వాళ్ల ఆటలు!"

"బ్లాక్ చెయ్యి," అన్నాడు రాంబాబు.

చేసింది. అంతటితో ఊరుకోలేదు. ఆ నంబరును షాపు వాళ్లకు కూడా పంపింది. 'ఎవరో మీ కస్టమర్లకు ఫోన్ చేసి మీ మీద లేనిపోనివి చెబుతున్నారు, జాగ్రత్త.'

దండం బొమ్మతో వెంటనే జవాబొచ్చింది. 'చాలా థాంక్స్ మేడం. మేం చూసుకుంటాం. మీ మంచితనానికి ఒక పౌచ్ ఉచితం.'

ఉచితం! లిఖిత ఎగిరి గంతేసి డబ్బు కట్టేసింది.

శనివారం పార్సిల్ రానే వచ్చింది. కత్తెర కోసం ఆగే ఓపిక లేక టేపును పళ్లతోనే పీకేసింది.

గుప్పుమని జిగురు వాసన.

జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. కుట్లన్నీ వంకర టింకర. ఒరివెల్లా పేరులో రెండు 'ఎల్'లు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. ఉచితంగా వచ్చిన పౌచ్ మీద మాత్రం మూడున్నాయి.

రాంబాబు నవ్వబోయి, భార్య ముఖం చూసి మానుకున్నాడు.

లిఖితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపటి ప్రసూన నవ్వు కన్నా ఆ పెద్దామె మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఓటీపీ అంటే ఏమిటో కూడా తెలియని మనిషి. తన మేలు కోరి ఫోన్ చేస్తే దొంగను చేసేసింది.

బ్లాక్ తీసేసి ఆ నంబరుకే ఫోన్ కలిపింది. తప్పయిందమ్మా అని ఒక్క మాట చెప్పాలి.

మగ గొంతు పలికింది.

"హలో, ఎవరు?"

"పర్ణశాల నుంచి లిఖితను. మొన్న ఈ నంబరు నుంచి ఒక పెద్దామె..."

"ఓ, మీరా మేడం! పార్సిల్ అందిందా? మీరు నంబరు పంపి మస్తు మంచిపని చేసిండ్రు!" అతను సంబరంగా నవ్వాడు. "గిట్లనే ఎంతమందికి ఫోన్లు చేసిందో! ఇగ మీకు భయం లేదు మేడం, ఫోన్ గుంజుకున్న. ఇన్ని రోజులు ఎవరో పక్క షాపోళ్ల పనే అనుకున్న, తీరా చూస్తే మా అమ్మ."