పీకేసిన ఐదో ప్రాసెసర్

పసికందుల వార్డు అలారాలన్నీ ఒకే యంత్రానికి చేరతాయి. వాటిని రాసుకోడానికి దాని ఎనిమిది ప్రాసెసర్లకూ మొన్నటిదాకా ఒకటే గడి, ఒకటే తాళం. ఒకటి రాస్తుంటే మిగతా ఏడూ చేతులు కట్టుకు నిలబడేవి. ఆ క్యూలో పిల్లల ప్రాణాలు పోతాయని పోట్లాడి ప్రోగ్రామరు ఆ తాళం ఊడబీకాడు. దేని గడి దానికిచ్చాడు.

ఈ సాయంత్రం ఐదోది చెడిపోతే పీకి బల్లమీద పెట్టాడు. నడిచే ఏడింటి గడులు మాత్రమే చూసి వార్డులో అలారం మోగేలా మార్చాడు. పీకేసినదాని గడి ఎవడు చూస్తాడు?

అర్ధరాత్రి తనే చూశాడు. ఖాళీగా ఉండాల్సిన గడిలో ఒక అలారం ఉంది. మూడో బెడ్డు.

ఐదోది బల్లమీదే ఉంది, చల్లగా.

వార్డులో నర్సు అతని వదినే. ఫోన్ చేశాడు.

"వదినా, మూడో బెడ్డు చూడు."

"ఇక్కడేం మోగలేదు మరిదీ. నిద్రమత్తా, వేళాకోళమా?"

"తిట్టుకుంటూనైనా వెళ్లు తల్లీ!"

చెప్పుల చప్పుడు దూరమైంది. తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. అప్పుడు ఒక బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

"ఊపిరాగిపోయింది మరిదీ! తడితే అందుకుంది. నీకెవరు చెప్పారు?"

అతను ఆ గడిని కూడా మిగతా ఏడింటితో కలపబోయాడు. అంతలో అందులో ఇంకో అలారం పడింది.

"వదినా, ఏడో బెడ్డు."

ఈసారి చెప్పుల చప్పుడు పరుగందుకుంది.