తర్వాతివారికి

“అమ్మా, మా వంతు సంగతి...”

“వంతొస్తే మేమే ఫోన్ చేస్తాం బాబాయిగారూ. వెళ్లి కూర్చోండి.”

కళ్లజోడు మేడం తలెత్తకుండానే చెప్పేసింది. పెద్దాయన మళ్లీ గోడవార బెంచీ మీదికి చేరాడు. వారం నుంచీ ఇదే తంతు.

ఊపిరి అందని రోగుల ఇళ్లకు ఆక్సిజన్ మెషీన్లు ఉచితంగా పంపే ఆఫీసది. మెషీన్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకని వరస పెట్టారు. ఆ వరసంతా కంప్యూటర్లో, ఆఫీసువాళ్లు మాత్రమే తెరిచే ఒక అడ్మిన్ పేజీలో ఉంటుంది. దాన్ని బాగుచేయడానికి ఒక ప్రోగ్రామర్ పిల్ల తన ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చి కూర్చుంది.

ఊరికే చేసిపెట్టే పనికి అంత పట్టుదల దేనికంటే, వరసలో రెండో పేరు వాళ్ల పిన్నిది. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన పిన్ని. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు ఆ పిల్ల. చెబితే చుట్టరికం చూసుకుని వంతు దాటించిందంటారు.

అలాగని మెషీను లేదా అంటే ఉంది. నిక్షేపంలా మూలన గుడ్డ కప్పుకుని కూర్చునుంది. వరసలో మొదటి పేరు ఎవరో ఒకావిడది. ఆవిడ ఫోన్ ఎత్తదు. మొదటివాళ్లు సరేననే దాకా పేజీ రెండోవాళ్లని కదలనివ్వదు.

“ఆ మహాతల్లి ఇవాళైనా ఎత్తిందా మేడం?”

“స్విచ్ఛాఫ్! అక్కర్లేకపోతే ఆ ముక్క చెప్పి చావొచ్చుగా!”

ఇలా లాభం లేదనుకుంది పిల్ల. ప్రతి పేరు పక్కనా ఒక బటన్ పెట్టాలి. దాని మీద ‘తర్వాతివారికి’ అని ఉండాలి. నొక్కగానే మొదటి పేరు పక్కకి తప్పుకుని వరస కదలాలి.

అనుకోవడం తేలికే. ఆ పేజీ రెడీమేడ్ సరుకు. అందులో లేని బటన్ పెట్టడమంటే కుట్టేసిన చొక్కాకి కొత్తగా జేబు వెయ్యడమే. తొందరలో దాన్ని మామూలు లింకులా పెట్టేసింది. బ్రౌజర్‌కి అతితెలివి కదా, పేజీలు త్వరగా చూపించాలని కనిపించిన లింకులన్నీ తనంతట తనే ముందుగా తెరిచిపెట్టుకుంది. లింకు తెరిస్తే బటన్ నొక్కినట్టే కాబట్టి, ఎవరూ నొక్కకుండానే పేర్లన్నీ టపటపా ఎగిరిపోయాయి.

“ఓసి నీ బటను తగలెయ్యా! వరసంతా కొట్టుకుపోయిందే!” మేడం గుండెలు బాదుకుంది.

“కంగారు పడకండి. ఇది ఉత్తుత్తి కాపీ. అసలు వరస భద్రంగానే ఉంది.”

“ఇంక వదిలెయ్యి తల్లీ. ఇది మన వల్ల అయ్యే పని కాదు.”

“ఎందుక్కాదు? పట్టుకున్నాక వదిలే రకం కాదు నేను.”

అని మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి బటన్ ‘నిజంగానా?’ అని అడగాలి, అవునన్నాకే వరస కదలాలి.

వెనకాల ఎవరో నిలబడ్డట్టయితే తిరిగి చూసింది. పెద్దాయన!

“ఏం చేస్తున్నావు తల్లీ?”

మెషీను కంటబడింది కాబట్టి తనకే ముందివ్వమంటాడని ఒళ్లు మండింది ఆ పిల్లకి.

“మీ వంతు ముందుకు జరపడానికి మాత్రం కాదు.”

“అది కాదమ్మా, మాకింక...”

“అందరికీ అర్జంటే తాతగారూ! ఇక్కడికొచ్చేవాళ్లంతా ఊపిరాడనివాళ్లే. మీ ఒక్కరికేనా?”

ఆయన ఏదో చెప్పబోయాడు. అంతలో తెర వంక చూసి, వేలు చూపించాడు.

“ఆ బటన్ దేనికి?”

“ఫోన్ ఎత్తనివాళ్లని దాటి మెషీను తర్వాతివాళ్లకి పంపడానికి. సాయంత్రానికి అయిపోతుంది, మీరు కదిలించకుండా ఉంటే.”

“మంచి పని చేస్తున్నావు తల్లీ. ఇంక నిన్ను విసిగించనులే.”

చెప్పులేసుకుని మెల్లగా వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకుంది పిల్ల. అలా అనుకున్నందుకు కాస్త సిగ్గు కూడా పడింది. కానీ పిన్ని ఆయాసం గుర్తొచ్చి మళ్లీ పనిలో పడింది.

మర్నాటి ఉదయానికి బటన్ సిద్ధం. బెంచీ ఖాళీ.

“నొక్కేముందు ఆవిడ ఇంటికి ఒకసారి మనిషిని పంపుదాం,” అంది మేడం. “ఒకరి ఉసురు మనకెందుకు?”

కాదనలేకపోయింది పిల్ల. వ్యాన్ డ్రైవర్ మెషీను ఎక్కించుకుని బయల్దేరాడు. ఆవిడ ఇంట్లో ఉందంటే పిన్ని ఇంకెన్నాళ్లు కూర్చుని నిద్రపోవాలో!

ఫోన్ మోగింది. మేడం స్పీకర్ పెట్టింది.

“ఇంటికి తాళం వేసుంది మేడం.”

“హమ్మయ్య!” పిల్ల నోరు జారింది. వెంటనే బటన్ నొక్కింది. ‘నిజంగానా?’ అంది పేజీ. ‘అవును’ అంది తను. పిన్ని పేరు పైకొచ్చింది. గెలిచాననిపించి కళ్లు చెమర్చాయి.

“అన్నా, అట్నుంచటే నేను చెప్పే ఇంటికి వెళ్లిపో.”

“ఇంతకీ ఆవిడ ఎక్కడికెళ్లిందట?” మేడం అడిగింది.

డ్రైవర్ గొంతు తగ్గింది.

“పక్కింటివాళ్లు చెప్పారు మేడం. ఆవిడ పోయి వారం దాటిందట.”



“అయ్యో! మరి ఇంట్లోవాళ్లెవరైనా వచ్చి ఒక్క మాట చెప్పొచ్చుగా?” అంది పిల్ల.

“ఆవిడకి ఉన్నది భర్త ఒక్కడేనటమ్మా, ఆయనా ఈ పొద్దున్నే తమ్ముడి ఊరెళ్లిపోయాడట. నిన్నటిదాకా రోజూ మన ఆఫీసు బెంచీ మీదే కూర్చున్నాడట, ‘మాకింక మెషీను అక్కర్లేదు, మా తర్వాతున్న ప్రాణానికి ఇచ్చెయ్యండి’ అని చెప్పడానికి.”